మూడు బిళ్ళల వంతు

మా మామయ్యని ఆయన పనిచేసే షెడ్డులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. 'కానివ్వండి మేస్త్రి' అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. బస్సెక్కబోతుంటే వెనకనుంచి ఎవరైనా తోసుకొచ్చారనుకోండి, పక్కకి జరిగి "కానివ్వండి, కానివ్వండి" అంటాడు. కొట్లో తన వంతు వచ్చాక కూడా పక్కవాళ్ళ చేతిలో ఒక్క సబ్బుబిళ్ళ కనిపిస్తే చాలు, "మీది చిన్నదేగా, కానివ్వండి" అంటాడు. క్షౌరశాలలో కూర్చుని పేపరంతా చదివేసి, పెరిగిన గడ్డంతోనే ఇంటికొచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఎంత మంచి మనిషో అని అందరూ అంటారు. నేను అనను. ఆయన మేనకోడల్ని కాబట్టి నాకా హక్కుంది, ముక్కుమీద కోపం కూడా ఉంది. ఊళ్ళోవాళ్ళందరికీ దారిస్తూ ఇంట్లోవాళ్ళని గుమ్మంలో నిలబెట్టేసే మంచితనం నాకు గిట్టదు.

మామయ్య వడ్రంగి. చిన్నప్పుడు తండ్రి దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాడు. ఎక్కువగా కుర్చీలు చేస్తాడు. ఆయన కుర్చీలో ఎంత లావుపాటి మనిషి కూర్చున్నా కిర్రుమనదు. అత్తయ్య నర్సు. టీకాల పెట్టె భుజాన వేసుకుని వీధివీధీ తిరిగేది. వాళ్ళిద్దరికీ పరిచయమైందే టీకాల దగ్గర. అత్తయ్య షెడ్డుకి సూదులు వేయడానికి వెళ్ళిన రోజు, మామయ్య వెనకాల వచ్చినవాళ్ళందర్నీ ముందుకు పంపి ఆఖర్న మిగిలాడట. "మర్యాదకి ఆగారా, సూదికి భయపడి ఆగారా?" అని అడిగిందట ఈవిడ. "రెండూనండీ" అన్నాడట ఆయన. ఆ నిజాయితీకే పడిపోయానంటుంది అత్తయ్య. మర్యాద సంగతి తర్వాత తెలిసిందంటుంది, నిట్టూర్చి.

పోయిన వానాకాలంలో అలాంటి అత్తయ్య జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది గానీ మునుపటిలా నడక రాలేదు. చక్రాల కుర్చీ ఇంటికొచ్చింది. ఇంటి ముందు మాత్రం నిటారుగా నాలుగు రాతిమెట్లు. కుర్చీతో సహా మోసి దింపాలంటే ఇద్దరు మగాళ్ళు కావాలి. ఒకసారి అలా దింపారు. దారిలో కుర్చీ ఒరిగింది. "నేనేమన్నా బీరువానా, మోసుకెళ్ళడానికి?" అని ఆ రోజే తెగేసి చెప్పింది అత్తయ్య. మళ్ళీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఊరంతా కాళ్ళతో కొలిచిన మనిషి కిటికీ దగ్గర కూర్చుండిపోయింది. మొదట్లో వీధిలో పోయేవాళ్ళని పిలిచి పలకరించేది. తర్వాత అదీ మానేసింది. ఒక రోజు నేను వెళ్ళేసరికి కిటికీ రెక్క కూడా వేసుంది. నాకు భయం వేసింది.

"గుమ్మానికి ర్యాంపు కట్టేస్తా" అన్నాడు మామయ్య. కొనుక్కొద్దామని నేనన్నాను. రేకువి రెడీమేడ్‌గా దొరుకుతాయి.

"నేను వడ్రంగినే తల్లీ. నా పెళ్ళాం నడిచే దారికి రేకు కొనుక్కోనా?"

కూలగొట్టిన పాత గోదాము నుంచి మంచి దూలాలు సంపాదించాడు. గట్టి చెక్క, వందేళ్ళయినా చెదలు పట్టదు. కానీ పైనంతా గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంది. అలాగే పరిస్తే చక్రం ఎగిరెగిరి పడుతుంది, అతికించిన తుంటి ఆ కుదుపుకి ఓర్చదు. చేత్తో చిత్రిక పడదామంటే ఆయన కుడిభుజం ఎప్పుడో అరిగిపోయింది. బయట కోతమిల్లులకి తీసుకెళితే, పాత చెక్కలో మేకు ముక్కలుంటాయి, మా బ్లేడు పోతుందని ముట్టుకోలేదు. ఇక మిగిలింది షెడ్డులో ఉన్న చిత్రిక మిషను. దూలాన్ని ఒకవైపునుంచి తోస్తే అవతలివైపు అద్దంలా నున్నగా వస్తుంది. మేకులన్నీ పీకేసి, దూలాలు అక్కడికి చేర్చి, "వారంలో అయిపోతుంది" అని అత్తయ్యకి మాటిచ్చాడు.

వారం పోయింది. ఇంకో వారం పోయింది. నెల కూడా దాటింది. రోజూ సాయంత్రం మామయ్య వచ్చేసరికి అత్తయ్య "అయిందా?" అని అడిగేది. "రేపు" అనేవాడు. కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది. అది నాకు మరీ నచ్చలేదు. ఒక సెలవురోజు, అసలు ఆ మిషను దగ్గర ఏం జరుగుతోందో చూద్దామని ఆయన వెంట నేనూ బయల్దేరాను.

షెడ్డు గురించి కొంచెం చెప్పాలి. పదిమంది పనివాళ్ళు కలిసి అద్దెకి తీసుకున్న పాత గిడ్డంగి అది. మిషన్లు అందరివీ. కరెంటు తీగలు మాత్రం గిడ్డంగి కట్టిన నాటివి. ఒకప్పుడు అందరూ ఒక్కసారే స్విచ్చులు వేస్తే ఫ్యూజు భగ్గుమంది, ఆ పక్కనే ఉన్న పెద్దాయన కనుబొమలు కాలిపోయాయి. అప్పట్నుంచి ఆయన్ని ఫ్యూజు తాత అంటారు. తాత ఊరుకోలేదు. విరిగిన కుర్చీ కాలొకటి కోసి నాలుగు బిళ్ళలు చేసి, స్విచ్చుబోర్డు పక్కన నాలుగు మేకులకి తగిలించాడు. మిషను వేయాలంటే బిళ్ళ తీసుకోవాలి. పనయ్యాక తెచ్చి మేకుకి తగిలించాలి. డ్రిల్లు, చెక్కని తిప్పుతూ చెక్కే లేతు, సానపట్టే మిషను లాంటి చిన్నవాటికి ఒక్కో బిళ్ళ. చిత్రిక మిషనూ, పెద్ద రంపమూ కరెంటు ఎక్కువ తాగుతాయి కాబట్టి వాటికి మూడేసి. దీనితోపాటు ఒక కట్టుబాటు పెట్టాడు తాత: మేకుకి బిళ్ళ ఉండగా మనిషి ఖాళీగా నిలబడకూడదు. తీగలు అంతంతమాత్రం, ఉన్న కరెంటునన్నా వృథా చేస్తే పాపం అని ఆయన లెక్క. షెడ్డులో అందరికీ ఆ మాట నోటికొచ్చు.

ఆ రోజు నేనొక బల్లమీద కూర్చుని చూశాను. ఒక బిళ్ళ మేకుకి వచ్చింది. మామయ్య లేచి నిలబడ్డాడు. ఇంకో రెండు రావాలిగా! అంతలో గరిటెలు చేసే అమ్మాయి వచ్చి "మీకు ఒకటి సరిపోదుగా బాబాయ్, నేను తీసుకోనా?" అంది. "కానివ్వమ్మా" అన్నాడు. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. దాన్ని లేతు పనాయన పట్టుకుపోయాడు. మూడు బిళ్ళలు ఒక్కసారిగా మేకులకి కనబడేది ఎప్పుడయ్యా అంటే, షెడ్డు తాళం వేసే వేళకి. ఆ వేళ దాటాక మిషన్లు వేస్తే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కొట్టడానికొస్తారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకంటే ఈ భాగోతం నాకు కొత్త కాదు. నేను సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. మా సర్వర్‌లో కూడా ఒకేసారి కొన్ని పనులకే చోటు. ఆ చోట్లని లెక్కపెట్టి కాపలాకాసేదాన్ని సెమాఫోర్ అంటారు. అచ్చం తాత మేకుల్లాంటిదే. సర్వర్‌లో పనులు నడిపే థ్రెడ్లని పనివాళ్ళనుకోండి. ప్రతి థ్రెడ్డూ అనుమతి తీసుకుని పని మొదలుపెట్టాలి, అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. అక్కడ కూడా ఒక పెద్ద పని, ఒకేసారి చాలా అనుమతులు కావలసింది, రోజుల తరబడి మొదలే కాలేదు. మిగతావన్నీ చకచకా నడుస్తున్నాయి, లెక్కలు చూస్తే అంతా బ్రహ్మాండం. ఆ ఒక్కటి మాత్రం తలుపు దగ్గర నిలబడే ఉంది. చిన్న పనులు దాని పక్కనుంచి దూరిపోతున్నాయి. ఎవరూ దాన్ని కాదనలేదు, పొమ్మనలేదు. అయినా దానికి వంతు రాదు. మా చదువులో దీన్ని స్టార్వేషన్, అంటే ఆకలి అంటారు. వచ్చిన వరుసలోనే ఇవ్వమని సెమాఫోర్‌కి ముందే చెప్పి పెట్టొచ్చు. చెప్పకపోతే అది ఎవరు దూరితే వాళ్ళకిచ్చేస్తుంది.

"ఇలా అయితే నీకీ జన్మలో వంతు రాదు మామయ్యా. ఒక్కటొక్కటే తీసి దాచుకో" అన్నాను. ఆయన చేతిలో ఉంటే దానం చేసేస్తాడని నేనే పట్టుకున్నాను. మొదటి బిళ్ళ దొరికింది, గుప్పిట్లో పెట్టుకున్నాను. రెండోదీ దొరికింది. ఇంకొక్కటి చాలు.

నా తెలివి చూసి, పెద్ద రంపం కోసం కాచుకుని కూర్చున్న, తలుపులు చేసే ఆయనకి కూడా తెలివొచ్చింది. ఆయనా ఒకటి జేబులో వేశాడు. ఇంకొకటి కూడా వేశాడు.

షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఒక్క మిషనూ తిరగడం లేదు. రెండు బిళ్ళలు నా గుప్పిట్లో, రెండు ఆయన జేబులో. మూడోది ఆయనిస్తాడని నేను, నేనిస్తానని ఆయన. మూల బెంచీమీద కునుకు తీస్తున్న తాత ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి "ఏం, కరెంటు పోయిందా?" అన్నాడు.

గరిటెల అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "కరెంటు ఉంది తాతా, మనుషులే ఆగిపోయారు!"

ఇలాంటి చిక్కుముళ్ళు విప్పినందుకే నాకు ఆఫీసులో జీతమిస్తారు. సిగ్గేసింది గానీ నవ్వూ వచ్చింది. తాత మాత్రం నవ్వలేదు. బిళ్ళలు నాలుగూ లాక్కుని మేకులకి తగిలించి, "కావలసినన్నీ ఒక్కసారే తీసుకోండి, లేదా అసలు ముట్టుకోకండి. జేబులో దాచినవాళ్ళని షెడ్డులోంచి గెంటేస్తా" అన్నాడు.

"బాగానే ఉంది తాతా. మరి మా మామయ్యకి మూడూ ఒక్కసారే ఎలా దొరుకుతాయి? నువ్వే చెప్పు" అన్నాను.

"దొరికినప్పుడు దొరుకుతాయి."

"నెల దాటింది. దొరికాయా? వరుస పెట్టు. ఎవరు ముందొస్తే వాళ్ళ సామాను పెట్టె వరుసలో ముందు. ముందున్నవాళ్ళకి సరిపడా బిళ్ళలు వచ్చేదాకా వెనకవాళ్ళెవరూ మేకు మీద చెయ్యి వేయకూడదు."

"అంటే మూడోది వచ్చేదాకా రెండు బిళ్ళలు ఊరికే వేలాడాలా?" నేనేదో ఇల్లు తగలబెట్టమన్నట్టు చూశాడు తాత. "ఇన్నేళ్ళలో ఈ షెడ్డులో అలా జరగలేదు!"

"వేలాడనీ. కాసేపేగా! మా ఆఫీసులోనూ ఇదే గోల. వరుస పెడితే మొత్తం మీద పని కొంచెం తగ్గుతుంది, నేను కాదనను. కానీ తలుపు దగ్గర నిలబడ్డవాడికి వంతు వస్తుందని నమ్మకం ఉంటుంది. నీ పద్ధతిలో కరెంటు వృథా కాలేదు, ఒక మనిషికి నెల రోజులు వృథా అయ్యాయి. దాన్ని ఏ మేకుకి తగిలిస్తావు?"

తలుపులాయన నా పక్షాన చేరాడు. ఆయన బాధా ఇదేగా! తాత చాలాసేపు గొణిగి, చివరికి "సరే, చూద్దాం. పని పాడైతే మాత్రం నీ సంగతి చెప్తా" అన్నాడు.

మర్నాడు పనివాళ్ళు తమ సామాను పెట్టెల్ని గోడవారగా వరుసలో పెట్టారు. అందరికంటే ముందు మామయ్యది. నేను ఆఫీసు నుంచి సాయంత్రం నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను, శుభవార్త విందామని. ఆయన చేతులకి చెక్కపొట్టు లేదు. నాకు అర్థమైపోయింది.

"రెండు వచ్చాయమ్మా" అన్నాడు నేలచూపులు చూస్తూ. "మూడోది వచ్చేలోగా ఆ గరిటెల పిల్ల 'ఐదు నిమిషాలు బాబాయ్' అంది. పాపం నిలబడే ఉంది. రెండూ వేలాడుతూనే ఉన్నాయి. కానివ్వమ్మా అన్నాను. ఆ తర్వాత లేతు ఆయనా అడిగాడు."

"అయ్యో రాత! వరుస పెట్టించడానికి నేను నెత్తీ నోరూ కొట్టుకుని వస్తే..." అని మొదలుపెట్టాను. పూర్తి చేయలేదు. మూసిన కిటికీ దగ్గరనుంచి కుర్చీ చక్రం కదిలిన చప్పుడైంది. అత్తయ్య అరుస్తుందనుకున్నాను. ఆవిడ అరవలేదు.

"మీరు ఊరందరికీ కానివ్వండి అంటారు" అంది. "నాకెప్పుడంటారు?"

"ఐదు నిమిషాలేగా అని..." అని నసిగాడు మామయ్య.

"వాళ్ళకి ఐదు నిమిషాలే. ఇచ్చేది మీ ఐదు నిమిషాలనుకుంటున్నారు మీరు. అవి నావండీ. నన్నొక్కమాట అడక్కుండా పంచిపెట్టేస్తున్నారు. నేను వీధి చూసి ఎన్నాళ్ళైంది? నాకు ఏడుపొస్తోంది" అంటూ నిజంగానే ఏడ్చేసింది. అత్తయ్య ఏడవడం నేను చూడటం అదే మొదలు. తుంటి విరిగినప్పుడు కూడా డాక్టర్‌తో జోకులేసిన మనిషి.

మామయ్య లేచి వెళ్ళి ఆమె కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. ఏమన్నాడో నేను వినలేదు, వంటింట్లోకి తప్పుకున్నాను. కోపమంతా దిగిపోయి నా కళ్ళూ తడిశాయి.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి షెడ్డుకెళ్ళాను. ఒక్క ముక్క మాట్లాడనని ఒట్టేసుకుని బల్లమీద కూర్చున్నాను. మామయ్య పెట్టె ముందుంది. దాని వెనక గరిటెల అమ్మాయిది, ఆ వెనక తలుపులాయనది. నాలుగు బిళ్ళల మీదా నాలుగు చిన్న మిషన్లు తిరుగుతున్నాయి.

ఒక బిళ్ళ మేకుకి వచ్చింది. ఎవరూ కదల్లేదు. కాసేపటికి రెండోది వచ్చింది. రెండూ వేలాడుతున్నాయి. తాత వాటివంక చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు. లేతు పనాయన తాపీగా తిప్పుకుంటున్నాడు. వెనకాల గొణుగుడు మొదలైంది. "పనిలేక చస్తున్నాం, అవేమో అక్కడ ఊగుతున్నాయి" అన్నారెవరో.

గరిటెల అమ్మాయి మామయ్య దగ్గరికొచ్చింది. "బాబాయ్, ఐదంటే ఐదు నిమిషాలు. మూడోది వచ్చేలోపు ఇచ్చేస్తాగా!"

మామయ్య పెదవులు కదిలాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసిందని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగమ్మా" అన్నాడు.

మళ్ళీ అన్నాడు. "కాస్త ఆగు తల్లీ. ఇది నా వంతు. మా ఆవిడ ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తోంది. దీని తర్వాత వచ్చే బిళ్ళ నీదే, దాన్ని ఎవరూ ముట్టుకోరు."

ఆ పిల్ల తెల్లబోయింది. షెడ్డులో పనిచేస్తున్నవాళ్ళు కూడా తలలెత్తి చూశారు. ఆయన నోట 'ఆగు' అన్న మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. "అయ్యో, పిన్ని కోసమా బాబాయ్? ముందే చెప్పొచ్చుగా!" అని ఆ అమ్మాయి వెనక్కి వెళ్ళి తన పెట్టెమీద కూర్చుంది. చెప్పొచ్చు. ఆయన నోట్లో నాలుకుంటేగా!

లేతు ఆగింది. మూడో బిళ్ళ మేకు దాకా రాలేదు. లేతు పనాయన నేరుగా తెచ్చి మామయ్య చేతిలో పెట్టి, "మేస్త్రీ, ఇక కానివ్వండి" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. మామయ్యా నవ్వాడు.

చిత్రిక మిషను లేచిన మోతకి పైకప్పు రేకులు అదిరాయి. దూలాలు ఒక్కొక్కటే ఇవతల నల్లగా వెళ్ళి అవతల ఎర్రగా, నున్నగా వచ్చాయి. నేనవతల నిలబడి అందుకున్నాను. ఈలోగా నాలుగో బిళ్ళ ఖాళీ అయితే గరిటెల అమ్మాయి తీసుకుంది, తాత దగ్గరుండి ఇప్పించాడు. మామయ్య పని అవగానే మూడు బిళ్ళలూ తుడిచి మరీ మేకులకి తగిలించాడు. తలుపులాయన అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆయన వంతుకి ఎవరూ అడ్డం రాలేదు.

వరుస ఇప్పటికీ ఉంది. రోజు మొత్తంమీద చేసే పని ఇదివరకటికంటే కాస్త తగ్గిందని తాత నన్ను చూసినప్పుడల్లా దెప్పుతాడు. బిళ్ళ ఊరికే వేలాడితే ఇంకా ఆయన కడుపు తరుక్కుపోతుంది. కానీ మేకుల దగ్గర తోపులాటలు లేవు. తమ వంతు ఎవరి తర్వాతో తెలుసు కాబట్టి ఈలోగా జనం టీ తాగొస్తున్నారు, ఉలులు నూరుకుంటున్నారు. వరుస తీసేద్దామా అని నేనోసారి తాతని ఉడికించాను. "నోర్ముయ్" అన్నాడు.

ర్యాంపు బిగించిన రోజు వీధిలో సగం మంది మామయ్యా వాళ్ళ గుమ్మం ముందే ఉన్నారు. మామయ్య వాలు చూశాడు, అంచులు తడిమాడు, మేకు తల ఎక్కడైనా తగులుతుందేమోనని చేత్తో ఆ చివరినుంచి ఈ చివరిదాకా రాశాడు. అయినా తృప్తి లేదు.

"ముందు ఖాళీ కుర్చీ దింపి చూద్దాం" అన్నాడు. "తర్వాత బియ్యం బస్తా పెట్టి చూద్దాం. తర్వాత నేను కూర్చుంటా."

అత్తయ్య అప్పటికే గుమ్మంలో ఉంది. పాత చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది.

"ఆగండి" అంది. "బస్తా వంతు తర్వాత. ముందు నాది."

మామయ్య ఆమె మొహంలోకి చూశాడు. ర్యాంపు మధ్యలోంచి లేచి, పక్కకి జరిగి, చేత్తో దారి చూపించాడు.

"కానివ్వు" అన్నాడు.

అత్తయ్య చక్రాలమీంచి బ్రేకు తీసింది. కుర్చీ ఒక్క కుదుపు కూడా లేకుండా వీధిలోకి దిగింది. వీధి మలుపు దాకా ఆవిడ ఆగలేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు. మామయ్యా నేనూ చెప్పులైనా వేసుకోకుండా ఆవిడ వెనకాల పరిగెత్తాం.